నీలం దారం కట్టిన మొక్కలు

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అమ్మ అంది, అక్క అంది, పెళ్ళయి నెల తిరక్కుండానే మా ఆయనా అన్నాడు. అననివాడు మా బావ ఒక్కడే. ఎవరైనా నా మీద చాడీలు మోసుకొస్తే, "మిరపకాయల్లో పనిచేసే మనిషి, ఆ మాత్రం ఘాటు లేకపోతే ఎట్టా" అని నవ్వేసేవాడు. చివరికి ఆ నోటితో నేను అనరాని మాట అన్నది ఆయన్నే. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. మిరప గురించి చెప్పకుండా అది చెప్పడం మాత్రం నా వల్ల కాదు.

మేముండేది తెనాలిలో. బాపట్ల అవతల ఒక విత్తనాల కంపెనీ పొలంలో ఇరవై ఏళ్ళ పైన పనిచేశాను. పొద్దున రైలెక్కి వెళ్ళడం, పొద్దుగూకే వేళకి తిరిగి రావడం. మేం చేసే పనిని క్రాసింగ్ అంటారు. రేపు విచ్చుకోబోయే మొగ్గని ఇవాళ మధ్యాహ్నమే కనిపెట్టాలి. అది తెల్లగా ఉబ్బి, ఇంకా మూతి విప్పకుండా ఉంటుంది. చిన్న పట్టకారుతో దాని రేకులు విడదీసి, లోపలున్న పుప్పొడి తిత్తుల్ని ఒక్కొక్కటే గిల్లి తీసేయాలి. మధ్యలో ఉండే సన్నటి కాడకి పట్టకారు తగిలిందా, ఆ మొగ్గ రాలిపోయినట్టే. మర్నాడు పొద్దున మగమొక్కగా పెట్టుకున్నదాని పుప్పొడి తెచ్చి ఆ కాడ కొసకి అద్ది, తొడిమకి ఉన్నిదారం ముడి వేస్తాం. దారం ఉంటేనే అది మనం పెట్టిన కాయ. లేకపోతే అది తేనెటీగలు పెట్టిన కాయ, దాని తండ్రి ఎవరో ఎవరికీ తెలియదు.

నేను చదివింది ఇంటర్ దాకానే. మొదటి రెండేళ్ళూ మొగ్గలు రాల్చి తిట్లు తిన్నాను. ఆ తరవాత కన్ను కుదిరింది. వంద మొక్కల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్తే ఏ మొక్కలో సత్తువుందో చూడగానే తెలిసేది. కనీసం తెలుసుననుకున్నాను. గింజ తీసే రోజుల్లో చేతులు మండిపోయేవి, ఆ చేత్తో కళ్ళజోడు ముట్టుకోవాలన్నా భయమే. ఎంత కారం ఉందో చూడడానికి మొక్క మొక్కకీ ఒక కాయ కొస కొరికేదాన్ని. ఇంటికొచ్చి కూర వండితే ఉప్పు ఎక్కువైందో తక్కువైందో నాలిక్కి తెలిసేది కాదు. మా ఆయన దానికీ ఏదో ఒకటి సణిగేవాడు.

అక్కని ఇచ్చింది రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డుకి దగ్గరగా ఉన్న ఊళ్ళో. అక్క పెళ్ళప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. సెలవులిస్తే చాలు, బావ తెనాలి వచ్చి నన్ను తీసుకెళ్ళేవాడు. స్టేషన్లో దిగి, ఆయన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని పొలాల మీదుగా వెళ్ళేదాన్ని. పెద్దయ్యాక కూడా నన్ను ఏడిపించడం మానలేదు. "మీ అక్కని చేసుకుని మోసపోయాను, నువ్వు పెద్దయ్యేదాకా ఆగాల్సింది" అనేవాడు అక్క వినేటట్టు. "ఆగితే తెలిసేది నీకు, నా నోటికి రెండో రోజే పారిపోయేవాడివి" అనేదాన్ని నేను. అక్క పొయ్యి దగ్గరనుంచి తల తిప్పకుండా, "ఇద్దరూ ఇద్దరే" అనేది.

బావ మిరప రైతు. ఆ ఇసుక కలిసిన నేలలో ఎకరన్నర మిరప ఏటా వేసేవాడు. తన విత్తనం తనే దాచుకునేవాడు. పొడుగాటి సన్నకాయ, ఒంటి నిండా ముడతలు, ఎండితే ముదురు ఎరుపు. పచ్చడి పెడితే ఏడాదికైనా ఆ రంగు విరిగేది కాదు. దానికున్న రోగం ఒక్కటే, ఆకుముడత. తెల్లదోమ వచ్చి వాలిందంటే పది రోజుల్లో ఆకులు దొప్పల్లా పైకి ముడుచుకుపోయి, మొక్క గిడసబారి, ఇంక పూత నిలవదు. దోమని చంపాలంటే నాలుగైదు రోజులకొకసారి మందు కొట్టాలి. వీపు మీద ట్యాంకు, ఒక చేత్తో పంపు, ఒక చేత్తో గొట్టం. మూతికి తువ్వాలు కట్టుకోమంటే, "ఊపిరాడదు" అనేవాడు.

ఒక కార్తీక మాసం మధ్యాహ్నం ఎదురుగాలిలో మందు కొడుతూ బావ పొలంలోనే పడిపోయాడు. నోటి వెంట నురగ. పక్క చేలో వాళ్ళు చూసి ఆటోలో వేసి తెనాలి తీసుకొచ్చారు. నేను బాపట్ల నుంచి ఆస్పత్రికి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట, కళ్ళల్లో చూపు లేదు, కాళ్ళూ చేతులూ వాటంతటవే అదురుతున్నాయి. నాలుగు రోజులు అలాగే ఉన్నాడు. అక్కా నేనూ మంచం పక్కన కింద కూర్చున్నాం. ఐదో రోజు కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఏంటి, డ్యూటీకి పోలేదా" అన్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు, ఇంక జన్మలో మందు ముట్టుకోవద్దని. ఒంట్లోకి ఇప్పటికే చాలా వెళ్ళిందనీ, మళ్ళీ వెళ్తే చెప్పలేననీ అన్నాడు.

మందు కొట్టడానికి కూలి మనిషిని పెట్టుకున్నారు. కానీ నాకు అది సరిపోలేదు. ఆయన కాకపోతే ఇంకొకడు పడిపోతాడు కదా. నేను ఇన్నేళ్ళూ కంపెనీ కోసం ఎన్ని వేల కాయలు పెట్టానో లెక్కలేదు. మా బావకి ఒక్క మొక్క పెట్టలేనా అనిపించింది. మందు అక్కర్లేని మిరప. దోమ వాలినా ముడత రాని మిరప, కాయ మాత్రం ఆ పొడుగాటి ఎర్రకాయే. ఆ ఒక్కటి చేసి చూపిస్తే నా బతుక్కి చాలనుకున్నాను.

ఆ ఏడే మొదలుపెట్టాను. రేపల్లె రైలు దారిలో జంపని స్టేషను దగ్గర ఒకరి పెరట్లో గుబురుగా పెరిగిన ఒక మిరప మొక్క ఉండేది. బుడ్డ కాయలు, ఆకాశంలోకి చూస్తూ ఉండేవి. తినడానికి దేనికీ పనికిరాదు. కానీ దాని ఆకు ముడుచుకోగా నేను ఏ కాలంలోనూ చూడలేదు. ఆ ఇంటావిడ్ని అడిగి నాలుగు కాయలు తెచ్చుకున్నాను. తెనాలిలో డాబా మీద కుండీల్లో దాన్నీ, బావ మిరపనీ పక్కపక్కన పెంచి, రెండింటినీ కలిపాను. రెండో ఏడు వాటి పిల్లలు డాబా మీదే కాశాయి. వాటి గింజలు పోసి మూడో ఏడు నారు తీసుకుని రేపల్లె రైలెక్కాను.

బావ నాకిచ్చింది రోడ్డు పక్క మడి, దానికొక్కదానికే బోరు నీళ్ళు ముందు అందుతాయని. నాలుగొందల మొక్కలు వేశాం. అప్పుడే చెప్పాను.

"బావా, దీనికి మందు కొట్టకూడదు."

"మొదట్లో ఒకసారన్నా?"

"ఒక్క చుక్క కూడా వద్దు. రోగం రానీ. వచ్చి చచ్చేవి చావనీ. చావకుండా మిగిలినదే మనకి కావాల్సింది."

ఆయన ముఖం చూస్తే నాకు నవ్వొచ్చింది. చేతిలో పెరిగిన మొక్కని రోగానికి వదిలెయ్యమంటే ఆ మనిషికి మింగుడుపడలేదు. "రోడ్డు మీద పొయ్యేవాళ్ళు ఏమనుకుంటారమ్మా? ముసలాడికి చేను చెయ్యడం చేతకావట్లేదనుకోరూ?" అన్నాడు. "అనుకోనీ" అన్నాను. నాది కాదు కదా పోయే పరువు. రోడ్డు పక్కన ముడత పట్టిన చేను పెట్టుకోవడమంటే మా వైపు రైతుకి చిరిగిన పంచెతో పెళ్ళికెళ్ళినట్టే, ఆ సంగతి తెలిసీ అన్నాను.

ఆ ఏడు ముడత విరగబడి వచ్చింది. ఆదివారం ఆదివారం రైలు దిగి వెళ్ళేదాన్ని, వెళ్ళినప్పుడల్లా ఇంకో యాభై మొక్కలు ముడుచుకుని కనిపించేవి. పుష్యమాసం వచ్చేసరికి నాలుగొందల్లో కాస్త ఆకు తేరుకుని ఉన్నవి ఆరు. వాటికి కూడా కొసలు ముడుచుకునే ఉన్నాయి. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ లేరనుకుని బాగా గొంతెత్తే ఏడ్చాను. బావ వెనకే ఉన్నాడు. నేను ఏడవడం ఆయన చూడడం అదే మొదటిసారి. తువ్వాలు తీసి నా ఒళ్ళో పడేసి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

నాలుగో ఏడు ఆ ఆరు మొక్కల గింజలూ ఆరు సాళ్ళు వేశాం. నాటిన నెలకి నేను వెళ్ళి సాళ్ళ మధ్య నాలుగుసార్లు తిరిగి, బాగా సత్తువగా ఉన్న తొమ్మిది మొక్కలకి నీలం ఉన్నిదారం కట్టాను. ఇవి నిలబడతాయని నా కన్ను చెప్పినవి. పూత సమయంలో వాటి కొమ్మలకి పలచటి గుడ్డ సంచులు తొడిగాను, తేనెటీగ దూరకుండా. తరవాత ముడత వచ్చింది. దారం లేని మొక్కలు వరసగా పడిపోయాయి. దారం కట్టిన తొమ్మిదీ పచ్చగా నిలబడ్డాయి.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. "చూశావా బావా, నేను ముందే పట్టుకున్నాను" అని ఎగిరాను. ఆయన కూడా నాకంటే ఎక్కువ మురిసిపోయాడు. "నీ కన్నే కన్ను" అన్నాడు. ఐదో ఏడూ అంతే. ఆరో ఏడూ అంతే. నేను నాటిన నెలకి దారం కట్టడం, అవి నిలబడడం, మిగతావి పోవడం. ఒక్కటి కూడా తప్పలేదు. కాయ కూడా ఏటికేడు పొడుగు సాగి, ఆరో ఏటికి అచ్చం బావ కాయలా వచ్చింది. కొరికి చూస్తే అదే కారం. ఇరవై ఏళ్ళు పనిచేసినదాన్ని, ఏ ఎంపికలోనూ ఒక్కటన్నా తప్పకుండా ఉండదని నాకు తెలియాలి. తెలుసు కూడా. కానీ పొగరు కమ్మేసింది.

మా కంపెనీలో అన్నీ తెలిసిన ఒక పెద్దాయన ఉండేవాడు. కాయలు తీసుకెళ్ళి చూపిస్తే చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"బాగుందమ్మా. ఇంకో ఊళ్ళో వేసి చూశావా?"

"లేదండి. మా బావ పొలంలోనే."

"ఇక్కడ మన దగ్గర రెండు సాళ్ళు వేద్దాం ఈ ఏడు. ఒక్క చోట బతికినదాన్ని అప్పుడే నమ్మకూడదు."

నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ వేస్తే నా మొక్క కంపెనీ సొత్తైపోతుందని భయం, ఆయనకి నా పని మీద నమ్మకం లేదని కోపం. "అవసరం లేదండి" అని కాయలు సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ రెండు సాళ్ళు వేసి ఉంటే ఇదంతా ఆ కార్తీకానికే తేలిపోయి ఉండేది. ఆ తప్పు నాది, ఇంకెవరిదీ కాదు.

ఆ మూడేళ్ళల్లో బావ చేతులు వణకడం మొదలైంది. టీ గ్లాసు పట్టుకుంటే తొణికేది. అక్క నాతో ఫోన్లో చెప్తే, "వయసు కదే, అరవై దాటాయి" అన్నాను. ఒకసారి ఆయన చొక్కా గుండీ పెట్టుకోలేక అక్కని పిలవడం చూసి, "కొత్త పెళ్ళికొడుకువా ఏంటి" అని ఏడిపించాను కూడా. ఆయన నవ్వాడు.

ఏడో ఏడు బావ తన ఎకరన్నరా నా విత్తనమే వేస్తానన్నాడు. "ముందు ఒక్క మడి వేద్దాం" అని నేను అనలేదు. ఎందుకంటాను, గాలిలో తేలుతున్నాను కదా. ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. మందు కొట్టే కూలి మనిషిని కూడా మానిపించాడు. "మా మరదలు పెట్టిన విత్తనం, దీనికి మందు అక్కర్లేదు" అని టీ కొట్టు దగ్గర కనపడ్డ ప్రతివాడికీ చెప్పేవాడట. విన్నవాళ్ళల్లో కొందరు నవ్వితే వాళ్ళతో పోట్లాడాడట కూడా.

కార్తీకం రాకముందే ఎకరన్నరా ముడుచుకుపోయింది.

అక్క ఫోన్ చేస్తే సెలవు పెట్టి పరుగెత్తాను. రోడ్డు మీద నిలబడి చూశాను. ఒక్క మూల కూడా మిగల్లేదు. మూడో ఏడు చూసిన ముడతే, అదే దొప్పలు, అదే గిడస. సాళ్ళ మధ్య తిరిగాను. నాకు అర్థం కాలేదు. మూడేళ్ళు వరసగా నిలబడిన మొక్క బిడ్డలు ఇలా ఎలా పోతాయి? గింజ కలిసిపోయిందా, సంచుల్లోకి తేనెటీగ దూరిందా, కొత్త రోగమా, అని పైకే అనుకుంటున్నాను. బావ నా వెనకే వస్తున్నాడు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు. "విత్తనంలోకి బలం ఎక్కేసిందనుకున్నా. ఇంకో ఏడు పోసి ఉండాల్సింది."

నేను ఆగాను. "ఏం పోసి?"

"మందు. నీ దారం మొక్కలకి పోసినట్టు."

ఆయన గొంతులో తప్పు చేసినట్టు ఏమీ లేదు. దాచిన మంచిపని ఒకటి బయటపెడుతున్నట్టు, కాస్త సిగ్గుగా చెప్పాడు. నేను దారం కట్టి వెళ్ళిన మర్నాటి నుంచీ ఐదు రోజులకొకసారి, తెల్లారుతుండగా, పాత బకెట్లో మందు కలిపి ఆ మొక్కల మొదట్లో గ్లాసుడు గ్లాసుడు పోసేవాడట. పైన కొడితే నాకు ఆకు మీద వాసన తెలుస్తుందని వేరుకి పోశాడట. మూడేళ్ళు, ఒక్క విడత కూడా తప్పకుండా.

"మందు వద్దన్నానుగా" అన్నాను.

"అందరూ పోతుంటే నువ్వు ఎంచుకున్నవన్నా బతకాలి గదమ్మా. ఆ రోజు ఏడ్చావు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు నాలుగు ముద్దలు బలంగా పెడితే బిడ్డ గట్టిగా పుడతాడు గదా, ఇదీ అంతేననుకున్నా. నాలుగు తరాలు బలంగా పెంచితే ఆ తరవాతదానికి దానంతటదే వచ్చిద్దని."

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజంగానే అలా అనుకున్నాడు. మందు తాగి బతికిన మొక్కల్ని నేను రోగానికి తట్టుకున్న మొక్కలనుకుని మూడేళ్ళు గింజ దాచుకున్నాను. నా కన్ను ఎప్పుడూ ఏదీ పట్టుకోలేదు. నేను దారం కడితే ఆయన బతికించాడు, ఆయన బతికించింది చూసి నేను నా కన్నుని మెచ్చుకున్నాను.

అప్పుడు ఆగి ఉంటే బాగుండేది. నాకు ఆగడం రాదు. నోటికొచ్చిందల్లా అన్నాను. మోసగాడివన్నాను, నా ఏడేళ్ళూ మంట్లో కలిపావన్నాను. ఆయన బెదిరిపోయి చూస్తున్నాడు తప్ప ఇంకా అర్థం కానట్టే ఉన్నాడు. ఆ చూపుకి ఇంకా మండింది. "ఆ రోజు పొలంలో పడిపోయినప్పుడే పోయినా బాగుండేది. నాకు ఈ పీడ తగిలేది కాదు" అన్నాను.

అన్నాక కూడా నేను తల దించుకోలేదు. వెనక్కి చూడకుండా రోడ్డెక్కి, ఆటో ఎక్కి, రైలెక్కి వచ్చేశాను. భట్టిప్రోలు దాటాక గానీ ఏమన్నానో నా చెవికి సోకలేదు. దిగి వెనక్కి పోవచ్చు. పోలేదు.

ఏడాది మాట్లాడలేదు. అక్క ఫోన్ చేస్తే అక్కతో మాట్లాడేదాన్ని. పక్కన ఆయన దగ్గడం వినపడేది, ఇవ్వమని నేను అడిగేదాన్ని కాదు, ఇవ్వనా అని అక్క అడిగేది కాదు. మిగిలిన గింజలు పొట్లాలు కట్టి పెట్టిన డబ్బా అక్కడే వదిలేసి వచ్చాను. దాని ఊసే ఎత్తలేదు. పొద్దున లేస్తే రోజూ ఆ మాటే గుర్తొచ్చేది. వెళ్ళి కాళ్ళు పట్టుకోవాలనిపించేది. మధ్యాహ్నానికి మళ్ళీ కోపం వచ్చేది. ఇలాగే సంవత్సరం గడిచింది, ఇందులో గొప్పగా చెప్పుకునేదేమీ లేదు.

పోయిన మార్గశిరంలో అక్క ఫోన్ చేసింది. "ఒకసారి రావే. మీ బావ రోడ్డు పక్క మడి చంపుకుంటున్నాడు. ఊళ్ళో అందరూ ఆగి చూసి పోతున్నారు. పీకెయ్యమంటే పీకడు, మందు కొట్టించమంటే వినడు. నువ్వొచ్చి చూసేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వనంటున్నాడు."

మర్నాడే వెళ్ళాను. బావ మడి గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సగానికి సగమైపోయాడు. నన్ను చూసి లేవబోతే చేతులు కుర్చీ మీద నిలవలేదు, రెండోసారికి లేచాడు. "రామ్మా" అన్నాడు, నిన్నగాక మొన్న వచ్చి వెళ్ళినదాన్ని పిలిచినట్టు.

నేను వదిలేసిన డబ్బాలోని గింజలన్నీ పోశాడు. ఒక్కో పొట్లానికి ఒక్కో సాలు. ఒక్కో సాలు మొదట్లో పుల్ల గుచ్చి పొట్లం మీద కాగితం దానికి కట్టాడు.

"ఒక్క చుక్క పొయ్యలేదు" అన్నాడు. "మీ అక్కనడుగు. ఇంట్లో మందు డబ్బానే లేకుండా చేశా. తెల్లదోమ వాలుతుంటే చూస్తా కూర్చున్నా. నువ్వు చెప్పినట్టే, చచ్చేవి చావనిచ్చా. ఏదన్నా మిగిలిందేమో నువ్వే చూడు, నా చూపు ఆనట్లేదు."

జన్మంతా చేలో ఒక్క ముడత ఆకు కనపడనివ్వని మనిషి, రోడ్డు పక్కన, ఊరంతా చూస్తుండగా, మూడు నెలలు కూర్చుని ఒక మడిని చావనిచ్చాడు. నేను మడిలోకి దిగాను. మొదటి సాలు నుంచి చివరి సాలు దాకా ఒక్కో మొక్కా వంగి చూశాను. తిరిగి చివరి నుంచి మొదటికి వచ్చాను. ఆయన గట్టు మీద నాతో పాటే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిచాడు. ఏడో సాల్లో ఒక మొక్క దగ్గర ఆగి, "ఇదేంటి, కాస్త పచ్చగా ఉన్నట్టుంది?" అన్నాడు. కూర్చుని చూశాను. కింద ఆకులు బాగానే ఉన్నాయి. పై చిగురు అప్పుడే ముడుచుకోవడం మొదలైంది. వారం పట్టదు.

బాగుందని చెబుదామా అనిపించింది. నీలం దారం ఒక ముక్క సంచిలో ఉంది కూడా. కట్టి చూపిస్తే ఆ మనిషి మురిసిపోతాడు. కానీ మూడు నెలలు నిజం కోసం కూర్చున్నవాడికి అబద్ధం ఎలా చెప్పను?

"లేదు బావా. ఇది కూడా పోయిద్ది."

"అసలు ఒక్కటీ లేదా?"

"లేదు."

ఆయన మడి వైపు తిరిగాడు. "అయితే మొదటి నుంచీ ఏమీ లేదన్నమాట. నేను పొయ్యకుండా ఉంటే ఆ నాలుగో ఏడే తెలిసేది నీకు. ఇంకో మొక్క వెతుక్కునేదానివి."

"నాకే తెలియాలి బావా. నీకెందుకు తెలుస్తుంది. ఇంకో చోట వేసి చూడమని ఒకాయన చెప్పాడు, నేనే వినలేదు" అన్నాను. తరవాత, ఏడాదిగా అనలేకపోయిన మాట అన్నాను. "ఆ రోజు ఆ మాట అనకూడదు నేను. నన్ను చెప్పుచ్చుకు కొట్టాల్సింది."

"ఏ మాట?" అన్నాడు. నిజంగా మర్చిపోయాడో, నా కోసం మర్చిపోయాడో నాకు తెలియదు. అడగలేదు.

ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అవి ఆగకుండా అదురుతున్నాయి. గోళ్ళు పసుపుపచ్చగా మారి, వేళ్ళ మధ్య చర్మం పెచ్చులు లేచి ఉంది. ఆస్పత్రిలో మందు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పినప్పుడు మంచానికి ఆ పక్క అక్క, ఈ పక్క నేను ఉన్నాం. విన్నది ముగ్గురం. మొక్కలు పోయాయని, గింజ పోయిందని, ఏడేళ్ళు పోయాయని అంత గొడవ చేశానే, అడగాల్సిన మాట ఒక్కటి ఏడాదిలో ఒక్కసారీ అడగలేదు.

"బావా, పోసిన తరవాత చేతులు కడుక్కునేవాడివా?"

ఆయన నవ్వాడు. "ఇంటి ముందు బోరింగు కొడితే ఆ చప్పుడుకి మీ అక్క లేచిద్ది. లేస్తే నీకు చెప్పిద్ది. లుంగీకే తుడుచుకునేవాణ్ణి."